ఏటీపీ మీటర్ పాస్ అంటోంది, ప్లేట్ ఫెయిల్ అంటోంది: రొయ్యల యూనిట్‌లో ఏది నమ్మాలి?

ప్రశ్న: నెల్లూరు దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్‌లో క్యూసీలో, అంటే నాణ్యత తనిఖీలో, కొత్తగా చేరాను. మేనేజ్‌మెంట్ ఈమధ్య ఏటీపీ మీటర్ కొన్నది, కడిగిన చోట పుల్లకున్న దూది (స్వాబ్) రుద్ది పెడితే అంకె చూపించే పరికరం. తెల్లవారుజామున షిఫ్ట్ మొదలయ్యే ముందు పీలింగ్ టేబుళ్లు, గ్రేడింగ్ బెల్ట్ మీద స్వాబ్ తీస్తే 6, 8 అలా వస్తోంది, పాస్ అని చూపిస్తోంది. అదే చోట తీసిన ఇంకో స్వాబ్ ల్యాబ్‌లో ప్లేట్ వేస్తే, అంటే బ్యాక్టీరియాను పెంచి చూస్తే, రెండు రోజుల తర్వాత చదరపు సెంటీమీటరుకు 60, 80 కాలనీలు (బ్యాక్టీరియా పెరిగి కట్టిన చుక్కలు) కనిపిస్తున్నాయి. మీటర్ దండగ అని మేనేజర్ గారు, మీ ప్లేటే తప్పు అని మీటర్ అమ్మినవాళ్లు. బ్యాక్టీరియా ఉందో లేదో గంటలో చెప్పే పద్ధతి అసలు ఉందా?

జవాబు:

మీటరూ తప్పు కాకపోవచ్చు, ప్లేటూ తప్పు కాకపోవచ్చు. ఆ రెండూ ఒకే ప్రశ్నకు జవాబు చెబుతున్నాయని అనుకోవడం దగ్గరే తేడా వస్తోంది. ఏటీపీ మీటర్ బ్యాక్టీరియాను లెక్కపెట్టదు. కడుగుడు సరిగ్గా జరిగిందా లేదా అన్నది మాత్రమే చెబుతుంది. ఈ మాట అమ్మేటప్పుడు ఎవరూ గట్టిగా చెప్పరు. డెమోకి వచ్చిన అబ్బాయి సెల్‌ఫోన్ మీద స్వాబ్ రుద్ది వేలల్లో నంబర్ చూపిస్తాడు, ఓనర్ గారు ‘అమ్మో ఇన్ని క్రిములా’ అనుకుని ఆర్డర్ ఇచ్చేస్తారు. ఆ నంబర్‌లో ఎక్కువ భాగం చేతి చెమట, చర్మం కణాలు.

లోపల జరిగేది ఇది. మిణుగురు పురుగులో వెలుగు పుట్టించే లూసిఫరేజ్ అనే ఎంజైమ్ స్వాబ్ గొట్టంలో ఉంటుంది. దానికి ఏటీపీ తగిలితే వెలుగు వస్తుంది, మీటర్ ఆ వెలుగును కొలిచి ఆర్‌ఎల్‌యూ అనే అంకెగా చూపిస్తుంది. ఏటీపీ అంటే కణానికి శక్తినిచ్చే పదార్థం, ప్రాణమున్న ప్రతి కణంలోనూ ఉంటుంది: బ్యాక్టీరియాలో, మన చర్మంలో, రొయ్య కండలో. ఎవరి ఏటీపీ అన్నది మీటర్‌కు అనవసరం. వైరస్‌లో ఏటీపీ ఉండదు కాబట్టి దాని ఊసే లేదు.

ఇప్పుడు మీ అంకెలతోనే లెక్క వేద్దాం. 6, 8 అంటున్నారంటే మీది 10 లోపు పాస్, 30 దాటితే ఫెయిల్ అనే రకం మీటర్ అనుకుంటున్నా. ఆ రకంలో ఒక ఫెమ్టోమోల్ (అతి చిన్న కొలత) ఏటీపీకి దాదాపు ఒక ఆర్‌ఎల్‌యూ వస్తుంది. ఒక బ్యాక్టీరియా కణంలో ఉండే ఏటీపీ అందులో సుమారు వెయ్యో వంతు. అంటే వెయ్యి బ్యాక్టీరియా కలిస్తే ఒక ఆర్‌ఎల్‌యూ. మీ ప్లేట్‌లో చదరపు సెంటీమీటరుకు 70 అనుకుంటే, స్వాబ్ రుద్దే పది బై పది సెంటీమీటర్ల చోట మొత్తం 7,000 కణాలు. మీటర్ మీద అది 7. స్వాబ్ అన్నిటినీ ఎత్తదు, చలికి ఆకలికి ఉన్న కణంలో ఏటీపీ ఇంకా తక్కువ, కాబట్టి ఇంత చక్కగా కలవడం యాదృచ్ఛికమే అనుకోండి. కానీ మీరు చూసిన పాసూ ఫెయిలూ ఒకేసారి నిజం కావడానికి ఏ అడ్డూ లేదని ఈ లెక్క చెబుతోంది.

ఇంకో అడుగు ముందుకు వెళ్తే, శుభ్రం చేసిన ఉపరితలానికి మన యూనిట్లలో చాలామంది వాడే హద్దు చదరపు సెంటీమీటరుకు 10 కాలనీలు. ఇది యూరప్ వాళ్లు 2001లో మాంసం యూనిట్ల కోసం ఇచ్చిన నిర్ణయం నుంచి వచ్చింది. ఆ హద్దు దగ్గర మీ మీటర్ చూపించాల్సింది 1. అది మీటర్ సొంత సద్దులోనే, అంటే ఏమీ లేకున్నా అది చూపించే చిన్న అంకెల్లోనే, కలిసిపోతుంది. కాబట్టి పాస్ హద్దును 10 నుంచి 5కు తగ్గిస్తే బ్యాక్టీరియా పట్టుబడుతుందన్న ఆశ పెట్టుకోవద్దు.

మరి దీనివల్ల లాభం ఏమిటంటే, రొయ్య. తాజా రొయ్య కండలో గ్రాముకు కొన్ని మైక్రోమోల్స్ ఏటీపీ ఉంటుంది (ఒక మైక్రోమోల్ అంటే వంద కోట్ల ఫెమ్టోమోల్స్). ఒక మిల్లీగ్రాము తునక, అంటే గోరు చివర కూడా కనిపించనంత, బెల్ట్ కీలులో ఇరుక్కుంటే అందులోని ఏటీపీ పది లక్షల ఫెమ్టోమోల్స్ పైమాటే. దాని పక్కన ఏడు వేల బ్యాక్టీరియా ఎక్కడ కనిపిస్తాయి? మీటర్ పట్టుకునేది ఆ తునకనే. ఆ తునకే రాత్రికి బ్యాక్టీరియాకు భోజనం. అందుకే అది ఉందని ఉదయం నాలుగున్నరకే తెలిస్తే, ఐదింటికి లైన్ మొదలయ్యేలోపు మళ్లీ కడిగించవచ్చు. ప్లేట్ ఈ పని చేయలేదు. ప్లేట్ జవాబు చెప్పేసరికి ఆ సరుకు ఫ్రీజ్ అయి, కార్టన్‌లోకి వెళ్లి, కోల్డ్ స్టోరేజ్‌లో ఉంటుంది.

రొయ్యల విషయంలో ఒక మెలిక ఉంది, పాల యూనిట్లలో పనిచేసి వచ్చినవాళ్లకు ఇది సాధారణంగా తట్టదు. రొయ్య చచ్చాక కండలోని ఏటీపీ అలాగే ఉండదు. అది ఏడీపీగా, ఏఎంపీగా, ఐఎంపీగా విరుగుతూ పోతుంది. ఐస్‌లో ఒకటి రెండు రోజులు ఉన్న సరుకులో ఏటీపీ బాగా పడిపోయి ఉంటుంది. చెరువు దగ్గర నుంచి అదే రోజు వచ్చిన వనామీ రకం రొయ్యను ఒలిచిన టేబుల్ 200 చూపిస్తే, రెండు రోజుల ఐస్ సరుకు ఒలిచిన టేబుల్ అంతే మురికిగా ఉండి కూడా 20 చూపించవచ్చు. ఏటీపీతో పాటు ఏడీపీ, ఏఎంపీలను కూడా కలిపి కొలిచే స్వాబ్‌లు వేరే ఉన్నాయి, వాటిని వాడే మీటర్ కూడా వేరు. కొత్తగా కొనేవాళ్లు సీఫుడ్‌కు అవే అడగండి. ఇప్పటికే మామూలు మీటర్ కొనేశారు కాబట్టి, రీడింగ్ రాసే పుస్తకంలో ఆరోజు నడిచిన సరుకు ఎన్నో రోజుదో ఒక గడి పెట్టి రాయండి.

ఇక, ఏటీపీ తక్కువ, ప్లేట్ ఎక్కువ వచ్చే కారణాలు ఈ వైపు యూనిట్లలో, అంటే నెల్లూరు చుట్టుపక్కల నుంచి కావలి, సింగరాయకొండ, ఒంగోలు దాకా, నేను చూసిన మేరకు ఇవి.

మొదటిది నేల. టేబుళ్లు, బెల్ట్ అన్నీ కడిగేశాక చివర్లో ప్రెషర్ పైపుతో నేల, డ్రెయిన్ కొడతారు. డ్రెయిన్‌లోంచి లేచిన తుంపర పోయి కడిగిన టేబుల్ మీద కూర్చుంటుంది. ఆ తుంపరలో మాంసం ఉండదు, బ్యాక్టీరియా ఉంటుంది. మీటర్‌కు శుభ్రం, ప్లేట్‌కు మురికి. మీ ప్లేట్‌లో వచ్చిన కాలనీలు ఒకే రకంగా ఉన్నాయా, రకరకాలుగా ఉన్నాయా చూడండి. రకరకాలుగా, అక్కడక్కడ గుంపులుగా ఉంటే నేను ముందు ఈ పైపునే అనుమానిస్తాను. నేల, డ్రెయిన్ పని ముందు ముగించి, టేబుళ్ల శానిటైజింగ్ ఆఖరున పెట్టించండి. పైసా ఖర్చు లేదు. కాకపోతే క్లీనింగ్ వాళ్ల అలవాటు మార్చాలి, అది మీటర్ కొనడం కంటే కష్టం.

రెండోది నీళ్లు. సముద్రం ఒడ్డు మండలాల్లో బోరు నీళ్లు ఎలాంటివో మీకు చెప్పక్కర్లేదు. కడుగుడుకు మెత్తబరచని నీళ్లు వాడితే స్టీలు మీద, బెల్ట్ ప్లాస్టిక్ మీద తెల్లటి పొర కడుతుంది. దాని గరుకులో బ్యాక్టీరియా జిగురు కట్టుకుని స్థిరపడుతుంది. బయోఫిల్మ్ అని చదువుకునే ఉంటారు. మామూలు క్షార డిటర్జెంట్‌కు ఆ పొర కరగదు, వారానికోసారైనా యాసిడ్ క్లీనర్ పడాలి. యాసిడ్‌నూ క్లోరిన్‌నూ కలవనివ్వకండి, విషవాయువు వస్తుంది. మధ్యలో పుష్కలంగా నీళ్లతో కడగాల్సిందే. జిగురు కట్టిన బ్యాక్టీరియాను తేలిగ్గా రాసిన స్వాబ్ ఎత్తదు. గట్టిగా నొక్కి, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, స్వాబ్ తిప్పుతూ రాయాలి. మీటర్ స్వాబ్ ఒకరు, ప్లేట్ స్వాబ్ ఇంకొకరు తీస్తుంటే ఆ తేడా కూడా మీ అంకెల్లో ఉంటుంది.

మూడోది క్లోరిన్. శానిటైజర్ తడి ఆరకముందే ఏటీపీ స్వాబ్ తీస్తే క్లోరిన్ ఆ ఎంజైమ్‌నే దెబ్బతీస్తుంది, వెలుగు తగ్గుతుంది, మురికి ఉన్నా పాస్ వస్తుంది. ఉప్పు ఎక్కువున్నా అంతే, ఎంజైమ్ మందగిస్తుంది. ఉప్పు నీళ్లలో నానబెట్టే టబ్బుల మీద వచ్చిన చిన్న అంకెలను చూసి సంతోషపడకండి. కాబట్టి ఏటీపీ స్వాబ్‌కు సరైన సమయం డిటర్జెంట్ కడిగి, నీళ్లతో జాడించిన తర్వాత, శానిటైజర్‌కు ముందు. అప్పుడు ఫెయిల్ వస్తే మళ్లీ డిటర్జెంట్‌కే వెళ్లాలి, క్లోరిన్ ఇంకాస్త పోసి సరిపెట్టకూడదు. మాంసం పొర మీద క్లోరిన్ పోస్తే ఆ మాంసమే క్లోరిన్‌ను తినేస్తుంది. ప్లేట్ స్వాబ్ మాత్రం శానిటైజర్ తర్వాత తీయాలి, ఎందుకంటే చంపే పని జరిగిందా అన్నది అది చెప్పాలి. ఆ స్వాబ్ ద్రవంలో క్లోరిన్‌ను విరిచే సోడియం థయోసల్ఫేట్ ఉండాలి. క్వాటర్నరీ అమ్మోనియం శానిటైజర్ వాడుతుంటే లెసిథిన్, పాలీసార్బేట్ 80 ఉన్న న్యూట్రలైజర్ కావాలి. అది లేకుండా ఉత్త సెలైన్‌లో తీస్తే దారిలో కూడా శానిటైజర్ చంపుతూనే ఉంటుంది, ప్లేట్ అబద్ధంగా శుభ్రం అంటుంది.

నాలుగోది మీటర్ వాడే పద్ధతి. స్వాబ్‌లు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. రోహిణి కార్తెలో బైక్ డిక్కీలో పెట్టుకుని వచ్చిన పెట్టెను ఫ్రిజ్‌లో పెట్టినంత మాత్రాన పోయిన ఎంజైమ్ తిరిగి రాదు. వాడేముందు పది పదిహేను నిమిషాలు బయట పెట్టి గది వేడికి రానివ్వాలి. చల్లటి స్వాబ్‌ను చల్లటి ప్రాసెసింగ్ హాల్లోనే నొక్కి చదివితే అంకె తక్కువే వస్తుంది. స్వాబ్ నొక్కాక కంపెనీ చెప్పిన సెకన్లు ఊపి, వెంటనే చదవాలి. నాలుగు స్వాబ్‌లు వరుసగా నొక్కి జేబులో పెట్టుకుని ల్యాబ్‌కు నడుచుకుంటూ వచ్చి చదవడం చూశాను. వెలుగు నిమిషం నిమిషానికీ తగ్గిపోతుంది, అక్కడ కొలిచేది నడక దూరాన్ని.

ఇక ఎక్కడ తీయాలి అన్నది అన్నిటికంటే ముఖ్యం. మెరిసే టేబుల్ నడిమధ్యలో తీస్తే ఎవరికైనా పాసే. తూకం కాటా పళ్లెం ఒకసారి ఎత్తి చూడండి. పైన అద్దంలా ఉంటుంది. కింద నాలుగు రబ్బరు బుడిపెల చుట్టూ తెల్లగా ఒక వలయం, వేలు పెడితే జారుతుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే రెండో రోజు రొయ్య వాసన. మనుషుల చేతులు రోజుకు కొన్ని వందలసార్లు ఆ పళ్లెం అంచు పట్టుకుంటాయి. గ్రేడింగ్ బెల్ట్ అయితే కీళ్లు విప్పి వంచి లోపలి సందులో తీయాలి. బెల్ట్ కింది స్క్రేపర్, టేబుల్ కాళ్ల దగ్గర వెల్డింగ్ అతుకు, పగిలిన క్రేటు అంచు, నీళ్లు తోసే వైపర్ రబ్బరు, గ్లేజింగ్ (మంచు పూత వేసే) ట్యాంక్ మూల, పైపు చివరి పిడి. ఇలాంటి చోట్ల పది బై పది చదరం కుదరదు. ప్రతిసారీ అదే చోటు, అదే పొడవు అని ఫొటో తీసి పెట్టుకోండి, చాలు.

హద్దుల సంగతి. ఒక కంపెనీ మీటర్‌లో 10, 30 అయితే ఇంకో కంపెనీలో 150, 300. ఒకదాని ఆర్‌ఎల్‌యూ ఇంకోదానితో పోల్చకూడదు, కాబట్టి పక్క యూనిట్ వాళ్లకు ఎంత వచ్చిందని అడిగి టెన్షన్ పడొద్దు. మీ దగ్గరుండి, మీ కళ్లముందు బాగా కడిగించిన రోజుల్లో ప్రతి చోటా కనీసం పదేసి రీడింగులు తీసి సగటు చూడండి. పాస్ హద్దు ఆ సగటు. సగటుకు మూడు స్టాండర్డ్ డీవియేషన్లు (రీడింగుల హెచ్చుతగ్గుల కొలత) కలిపితే వచ్చేది ఫెయిల్ హద్దు. మధ్యలో వస్తే కడిగి మళ్లీ చూడటం. స్టీల్ టేబుల్‌కు ఒక హద్దు, బెల్ట్ కీలుకు ఇంకో హద్దు వస్తాయి, రావాలి కూడా.

ఇప్పుడు గంటలో బ్యాక్టీరియా సంగతి చెప్పే పద్ధతి ఉందా అన్న ప్రశ్న. మొత్తం బ్యాక్టీరియా సంఖ్యకు వడపోసి, ఇతర కణాల ఏటీపీని ముందే నాశనం చేసి, మిగిలినదాన్ని కొలిచే పద్ధతులు ల్యాబ్‌లో ఉన్నాయి, కణాలను ఒక్కొక్కటిగా కాంతి ముందు నుంచి పంపి లెక్కపెట్టే ఫ్లో సైటోమెట్రీ ఉంది. ఇవేవీ తడి బూట్లతో హాల్లో నిలబడి చేసేవి కావు. సాల్మొనెల్లా, లిస్టీరియా లాంటి రోగకారకాలకైతే గంటలో చెప్పే పద్ధతి లేదనే అనుకోండి. కారణం మిషన్ వేగం కాదు. 25 గ్రాముల రొయ్యలో ఒక్క సాల్మొనెల్లా కూడా ఉండకూడదు అన్నది నియమం. ఆ 25 గ్రాములను 225 మిల్లీలీటర్ల ద్రవంలో కలుపుతాం. బ్యాక్టీరియా డీఎన్ఏను పట్టుకునే పీసీఆర్ పరీక్ష గొట్టంలో పోసేది దాదాపు 5 మైక్రోలీటర్లు. మొత్తంలో ఒక్క కణమే ఉంటే ఆ చుక్కలో అది పడే అవకాశం యాభై వేలలో ఒకటి. అందుకే ముందు దాన్ని రాత్రంతా పెరగనివ్వాలి, 18 గంటలో 24 గంటలో. ఆ పైన పీసీఆర్ కొన్ని గంటల్లో చెప్పేస్తుంది. పాత పద్ధతిలో అదే జవాబుకు నాలుగైదు రోజులు. గంటలో సాల్మొనెల్లా అని ఎవరైనా కిట్ పట్టుకొస్తే, ఎన్‌రిచ్‌మెంట్ (ముందు పెంచడం) ఎన్ని గంటలు అని ఒక్క ప్రశ్న అడగండి.

60 నుంచి 65 డిగ్రీల మధ్య ఒకే వేడిలో పనిచేసే ల్యాంప్ అనే డీఎన్ఏ పద్ధతి కూడా ఇంతే, ముందు పెంచాల్సిందే. కాకపోతే పరికరం సాదా, చిన్న యూనిట్ కూడా పెట్టుకోగలదు. పీసీఆర్ చచ్చిన బ్యాక్టీరియా డీఎన్ఏను కూడా పట్టుకుంటుంది కాబట్టి, బాగా క్లోరిన్ పడిన చోట నేరుగా చేస్తే అనవసరంగా భయపెడుతుంది. పెంచిన తర్వాత చేస్తే ఆ బెడద చాలావరకు తగ్గుతుంది.

మీకు నిజంగా పనికొచ్చే మధ్యరకం ఒకటుంది. తయారుగా వచ్చే ఫిల్మ్ ప్లేట్లలో 24 గంటల్లో మొత్తం లెక్క చెప్పే రకం దొరుకుతోంది. బ్యాక్టీరియా పెరగడానికి వేసే మీడియా కాచే పని లేదు, చుక్కలు లెక్కపెట్టుకోవడమే. రెండు రోజుల జవాబు ఒక రోజుకు వస్తుంది, ఏ షిఫ్ట్ క్లీనింగ్ తేడా చేసిందో మనుషులకు గుర్తుండగానే అడగవచ్చు. ఇంకోటి ప్రోటీన్ స్వాబ్. పది నిమిషాల్లో ఆకుపచ్చ ఊదాగా మారితే మురికి ఉన్నట్టే. మీటర్ అక్కర్లేదు, ఐస్‌లో ఉండి ఏటీపీ పోయిన రొయ్యను కూడా పట్టుకుంటుంది. చిన్న యూనిట్ వాళ్లు అడిగితే నేను ముందు ఇదే చెబుతాను.

అన్నిటికంటే వేగమైన పరీక్ష క్లోరిన్ స్ట్రిప్, అరనిమిషం పని. ఐస్, కడిగే నీళ్లు, డిప్ టబ్బులు అన్నిటిలో చూడండి, పక్కనే పీహెచ్ కూడా చూడండి. పీహెచ్ 8 దాటితే క్లోరిన్ పీపీఎం (నీళ్లలో దాని మోతాదు) స్ట్రిప్ మీద బాగానే కనిపిస్తుంది, చంపే శక్తి మాత్రం చాలా తక్కువ. చేతులు ముంచే డిప్ తొక్కలతో, మాంసంతో మురికి పడ్డాక క్లోరిన్ గంటలోపే ఖాళీ అవుతుంది. షిఫ్ట్ మొదట్లో ఒకసారి రాసి, మిగతా గడులన్నీ అదే అంకెతో నింపిన రిజిస్టర్ ఏ ఆడిటర్‌కైనా పేజీ తిప్పగానే తెలిసిపోతుంది.

లిస్టీరియా గురించి ఒక్క మాట. ఉడికించిన సరుకు చేసే లైన్ మీకుంటే ఇది వేరే ఆట. అది ఫ్రిజ్ చలిలో కూడా పెరుగుతుంది, డ్రెయిన్లలో, కూలింగ్ యూనిట్ల కింద నెలల తరబడి దాక్కుంటుంది. దాని కోసం స్వాబ్‌లు కడిగిన వెంటనే తీయకూడదు, లైన్ మూడు నాలుగు గంటలు నడిచాక, దాక్కున్నది బయటికి వచ్చే సమయంలో తీయాలి. ఏటీపీ మీటర్‌కు ఇందులో పాత్ర లేదు.

మీ మేనేజర్ గారికి చెప్పేటప్పుడు మీటర్ దండగ కాదని, కానీ రిపోర్ట్‌లో దాన్ని మైక్రోబయాలజీ కింద కాకుండా క్లీనింగ్ తనిఖీ కింద పెట్టాలని చెప్పండి. 1997లో యూరప్ మన సముద్ర ఉత్పత్తులను ఆపేసింది యూనిట్ల పరిశుభ్రత నచ్చకనే. అదే ఏడాది డిసెంబరులో అమెరికా సీఫుడ్‌కు హ్యాసప్ (ప్రమాదం వచ్చే దశలను ముందే గుర్తించి అదుపు చేసే పద్ధతి) తప్పనిసరి చేసింది. అప్పటి నుంచి వచ్చే ప్రతి ఆడిటరూ అడిగేది, ఫెయిల్ వచ్చిన రోజు ఏం చేశారు అని. మూడు నెలల రీడింగుల్లో ఒక్క ఫెయిల్ కూడా లేని పుస్తకం చూపిస్తే అనుమానంగా చూస్తారు. స్వాబ్ ఒక్కోటి వంద రూపాయలు దాటుతుంది కాబట్టి రోజూ యాభై తీయమని చెప్పను. కష్టమైన చోట్లలో ఎనిమిదో పదో ఎంచుకుని, రోజుకు కొన్ని మార్చి మార్చి తీయండి. అవే చోట్ల వారానికోసారి ప్లేట్ పడాలి.

ఈలోగా రెండు సంగతులు చూడండి. మీ ప్లేట్ స్వాబ్ ద్రవంలో న్యూట్రలైజర్ ఉందా, రాత్రి క్లీనింగ్‌లో నేల ఎన్నో వరుసలో కడుగుతున్నారు. న్యూట్రలైజర్ లేకుండానే 60, 80 వస్తుంటే అసలు అంకె ఇంకా ఎక్కువ ఉంటుంది, అప్పుడు బెల్ట్ విప్పించి యాసిడ్ పెట్టించడం తప్ప దారి లేదు.